కంప్యూటర్‌లో దూరే ప్రకటనల పీడ – దానిని గుర్తుపట్టి తీసివేసే పద్ధతి

ఈసారి మన గోడపత్రికలో నేను యాడ్‌వేర్ గురించి రాస్తున్నాను. బడి కంప్యూటర్ గదిలో, ఇంటికి పోతే ఫోన్లలో మనమందరం బ్రౌజర్ వాడుతున్నాం. కాబట్టి ఇది అందరికీ పనికివచ్చే సంగతి.

యాడ్‌వేర్ అంటే ఏమిటి?

యాడ్ అంటే ప్రకటన. మనం అడగకపోయినా ప్రకటనలు చూపించడానికి కంప్యూటర్‌లో చేరే ప్రోగ్రామును యాడ్‌వేర్ అంటారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ అనేవి బ్రౌజర్లు. బ్రౌజర్ ఇంటర్నెట్ చూసే కిటికీ లాంటిది. ఆ కిటికీకి ఎవరో వచ్చి పోస్టర్లు అంటించి పోతే ఎట్లుంటది? యాడ్‌వేర్ పని అదే. ప్రకటన చూపించినందుకు, దానిమీద మనం నొక్కినందుకు వాళ్ళకు డబ్బు వస్తది. ఒక్క నొక్కుకు వచ్చేది కొంచెమే. కాని లక్షల కంప్యూటర్లలో చేరితే అది పెద్ద మొత్తం అవుతది.

2017లో చెక్ పాయింట్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ 'ఫైర్‌బాల్' అనే దానిని బయటపెట్టింది. అది బ్రౌజర్ మొదటి పేజీని, వెతికే పేజీని మార్చేసేది. ప్రపంచంలో 25 కోట్ల కంప్యూటర్లలో చేరిందని, అందులో రెండున్నర కోట్లు మన దేశంలోనే ఉన్నాయని ఆ సంస్థ అంచనా వేసింది. మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఆ లెక్క ఎక్కువ చేసి చెప్పిందని అన్నారు. లెక్క ఎంతైనా, అది చేరిన దారి మనం గుర్తు పెట్టుకోవాలె. ఉచితంగా దొరికే వేరే ప్రోగ్రాముల వెంట అది చేరింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో చూసినది

భద్రాచలం నుంచి పోయే బస్సు ఖమ్మం, సూర్యాపేట దాటి ఎల్.బి.నగర్ మీదుగా హైదరాబాద్‌లోకి పోతది. ఎల్.బి.నగర్ తరువాత మెట్రోలో మూడవ స్టేషన్ దిల్‌సుఖ్‌నగర్. అక్కడ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, జిరాక్స్ షాపులు, నెట్ సెంటర్లు చాలా ఉన్నాయి. మన దిక్కు నుంచి పోయినవాళ్ళు దరఖాస్తులు ఆ షాపుల్లోనే పెడతారు. ఒకే కంప్యూటర్ మీద రోజుకు ఎంతోమంది కూర్చుంటారు.

మా పెదనాన్న బిడ్డ అక్కడ ఉండి చదువుతున్నది. దసరా సెలవుల్లో అక్కతో నేను ఒక నెట్ సెంటర్‌కు పోయాను. మరునాడు స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరు రోజు. అక్క స్కాలర్‌షిప్ అని కొట్టి వెతికితే ఎప్పుడూ చూడని వెతికే పేజీ వచ్చింది. అందులో పైన ఉన్నది నొక్కితే ప్రభుత్వ పేజీ లాంటిదే తెరుచుకొని ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు అడిగింది. ఇంతలో మూలకు ఎర్ర పెట్టె వచ్చింది. వైరస్‌లు ఉన్నాయి, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని ఉన్నది. అక్క భయపడ్డది.

షాపు అన్న వచ్చి, "ఆగు చెల్లె, ఏం నింపకు. పైన అడ్రస్ చూడు" అన్నడు. ప్రభుత్వ సైటు అడ్రస్‌లో 'జీవోవీ డాట్ ఇన్' అని ఉంటది. అందులో లేదు. పొద్దున ఎవరో వీడియో ప్లేయర్ ఎక్కించుకున్నారట, దాని వెంట ఇది వచ్చిందట. అన్న తీసివేస్తుంటే నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తరువాత అక్క సరైన అడ్రస్ కొట్టి దరఖాస్తు పెట్టింది.

గుర్తుపట్టడం ఎట్లా?

1. బ్రౌజర్ తెరవగానే మనం పెట్టని పేజీ వస్తది.
2. ఒకటి వెతికితే ఇంకొక పేజీకి తీసుకపోతది.
3. ఏ పేజీ తెరవకున్నా మూలకు ప్రకటనల పెట్టెలు వస్తుంటాయి.
4. మనం పెట్టని ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్‌లో కనబడతది.
5. కంప్యూటర్ మెల్లగా నడుస్తది. (కంప్యూటర్ పాతదైనా మెల్లగా నడుస్తది. అందుకే మిగతా గుర్తులు కూడా చూడాలె.)

తీసివేయడం ఎట్లా? (క్రోమ్‌లో)

1. పై మూలన మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌కు పోవాలె. ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, తరువాత సైట్ సెట్టింగ్స్, తరువాత నోటిఫికేషన్స్. అక్కడ మన అనుమతి పొందిన సైట్ల జాబితా ఉంటది. తెలియని వాటిని బ్లాక్ చేయాలె. మూలకు వచ్చే పెట్టెలు చాలాసార్లు దీనితోనే ఆగిపోతాయి.
2. మూడు చుక్కల్లోనే ఎక్స్‌టెన్షన్స్‌కు పోయి తెలియనివి రిమూవ్ చేయాలె.
3. సెట్టింగ్స్‌లో వెతికే పేజీ, మొదటి పేజీ మళ్ళీ సరిచేయాలె.
4. విండోస్‌లో ప్రోగ్రాముల జాబితా తెరిచి తేదీల వరుసలో చూడాలె. ఈ పీడ మొదలైన రోజున చేరిన తెలియని ప్రోగ్రామును అన్‌ఇన్‌స్టాల్ చేయాలె. ఇది వదిలేస్తే పోయినది మళ్ళీ రావచ్చు.
5. అప్పటికీ పోకపోతే రీసెట్ సెట్టింగ్స్ నొక్కాలె. దాచుకున్న పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు పోవు.
6. చివరకు విండోస్ సెక్యూరిటీతో కంప్యూటర్ మొత్తం స్కాన్ చేయాలె. అది విండోస్ 10, 11లో ఉచితంగానే ఉంటది.

ఫోన్‌లో కూడా క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ ఉంటాయి. కొత్త యాప్ వేసినప్పటి నుంచి ప్రకటనలు మొదలైతే ఆ యాప్ తీసివేయాలె.

'అలో' నొక్కడం కూడా వేలిముద్రే

మా తాతకు చదువు రాదు. షావుకారు కాగితం పెడితే అందులో ఏమున్నదో తెలియకుండానే వేలిముద్ర వేసేవాడు. మా ఇంట్లో బడికి వచ్చినది నేనే మొదలు. ఇంట్లో కోయ మాట్లాడతాం, బడిలో తెలుగు చదువుతాం, కంప్యూటర్‌లో ఇంగ్లీషు ఉంటది. ఇంగ్లీషు పెట్టె అడ్డం వస్తే, అది తొందరగా పోవాలని చాలామంది 'అలో' నొక్కుతారు, 'నెక్స్ట్, నెక్స్ట్' నొక్కుతారు. అది కూడా చదవకుండా వేసిన వేలిముద్రే. కాని ఒక తేడా ఉన్నది. కాగితం మీద వేసినది వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. అలో అన్నది మాత్రం పైన చెప్పినట్లు సెట్టింగ్స్‌కు పోయి మనమే తీసివేయవచ్చు.

పాటించవలసిన జాగ్రత్తలు

చదవకుండా అలో నొక్కవద్దు. క్రోమ్‌ను తెలుగులోకి మార్చుకోవచ్చు, అప్పుడు అది అడిగే అనుమతులు తెలుగులో చదవవచ్చు. పెట్టెలో వచ్చిన నంబరుకు ఫోన్ చేయవద్దు. ఎవరికీ ఓటీపీ చెప్పవద్దు. ఖాతాలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలె. నెట్ సెంటర్‌లో పని అయిన తరువాత లాగౌట్ చేసి లేవాలె.

ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఇంట్లో ఫోన్ తీసుకొని ఆ నోటిఫికేషన్ల జాబితా ఒక్కసారి చూడండి. చదువు రాని అమ్మానాన్నలకు దానిని మనమే చదివి చెప్పాలె.

– 9వ తరగతి విద్యార్థిని