మళ్లీ బండెక్కే ముందు ఒక చిన్న రివిజన్



జూన్‌లో జరిగిన పేరెంట్ మీటింగులో ఒక తండ్రి నవ్వుతూ అన్నారు: "సార్, పన్నెండేళ్ల తర్వాత మళ్లీ బైకు తీశాను. రేపటి నుంచి పాపను నేనే దింపుతాను. పాత అలవాటే కదా, రెండు రోజుల్లో వచ్చేసింది." ఆయన సంతోషం చూసి నాకూ సంతోషమేసింది. చెప్పాల్సిన మాట ఒకటి ఉంది కానీ, ఆయన వెనక ఇంకా పదిమంది నిలబడి ఉన్నారు. ఆ మాటే ఇప్పుడు మీ అందరికీ రాస్తున్నాను.

నాకు జరిగింది

డిగ్రీ రోజుల్లో నాన్నగారి వంద సీసీ బండి నేనే నడిపేవాణ్ణి. బీఎడ్‌కి హాస్టల్లో చేరాను. ఆ తర్వాత ఉద్యోగానికి స్కూలు బస్సులోనే వెళ్లొచ్చేవాణ్ణి. అలా ఆరేళ్లు బండి ముట్టలేదు. కిందటేడు బ్రాంచి మారడంతో మళ్లీ దాన్ని షెడ్డులోంచి తీశాను. మొదటి రోజు బజారుదాకా వెళ్లొస్తే ఏమీ మర్చిపోలేదనిపించింది.

మూడో రోజు, మూడో తరగతి చదివే మా అక్క కూతుర్ని వెనక ఎక్కించుకున్నాను. నాకు హెల్మెట్ ఉంది, పాపకు లేదు. స్కూలు ఎంత దూరంలే అనుకున్నాను. వీధి చివర ఎవరో ఇల్లు కడుతున్నారు, మలుపులో రోడ్డు మీదికి ఇసుక పరుచుకుని ఉంది. సరిగ్గా అక్కడే కుక్క అడ్డొచ్చింది. చేతి బ్రేకు గట్టిగా పట్టేశాను. ముందు చక్రం జారింది, ఇద్దరం పడ్డాం. నెమ్మదిగా వెళ్తున్నాం కాబట్టి పాప మోచేయి గీసుకుపోవడంతో గండం గడిచింది. లేచి దుమ్ము దులుపుకుంటూ అది అడిగింది: "మామయ్యా, నీకు నిజంగా బండి వచ్చా?"

ఆ తర్వాత నెల రోజులు నా బండి ఎక్కలేదు.

ఏది గుర్తుంటుంది, ఏది ఉండదు

వేసవి సెలవుల తర్వాత క్లాసులో ఒక సంగతి గమనిస్తాం. ఎక్కాలు అడిగితే పిల్లలు గడగడా చెప్పేస్తారు. అవే ఎక్కాలతో చేయాల్సిన లెక్క ఇస్తే ఆగిపోతారు. బండి కూడా అంతే. క్లచ్, గేరు, బ్యాలెన్సు శరీరానికి గుర్తుంటాయి, ఒకటి రెండు రోజుల్లో తిరిగొస్తాయి. ఎదుటి ఆటో ఎటు తిరుగుతుందో ఊహించడం, ఇసుకను ముందే చూడటం, ఎంత దూరంలో ఆగగలమో అంచనా వేయడం అంత త్వరగా రావు. మొదటివి వచ్చేయడంతో రెండోవి కూడా వచ్చేశాయని నమ్ముతాం. ప్రమాదం ఆ నమ్మకంలోనే ఉంది.

కొంచెం ఫిజిక్స్

బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది. అందుకే పొడి రోడ్డు మీద, బండి నిటారుగా ఉన్నప్పుడు ఎక్కువ పని చేసేది ముందు బ్రేకే. కానీ ఇసుక మీద టైరుకు పట్టు ఉండదు, మలుపులో ఉన్న పట్టులో కొంత తిరగడానికే ఖర్చవుతుంది. అక్కడ ముందు బ్రేకు బలంగా పడితే చక్రం జారుతుంది. కాబట్టి వేగం తగ్గించుకోవాల్సింది మలుపుకు ముందే.

ఇక ఆగే దూరం. ప్రమాదాన్ని చూసి బ్రేకు వేయడానికి ఒక సెకను పట్టిందనుకుందాం. బ్రేకు వేశాక వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 6 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుందాం.

• గంటకు 40 కి.మీ. వేగంలో: బ్రేకు వేసేలోపు 11 మీటర్లు, వేశాక 10 మీటర్లు. మొత్తం 21.
• గంటకు 60 కి.మీ. వేగంలో: ముందు 17, తర్వాత 23. మొత్తం 40.

వేగం ఒకటిన్నర రెట్లయితే ఆగే దూరం దాదాపు రెండింతలైంది. అలవాటు తప్పిన చేతికి ఆ మొదటి సెకను కాస్తా ఒకటిన్నర సెకన్లు కావచ్చు. ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్లలుంటే, అప్పుడు ఎన్ని మీటర్లు పెరుగుతుందో లెక్క కట్టమనండి. వాళ్ల చలనం పాఠంలోని సూత్రాలే సరిపోతాయి.

బండి, కాగితాలు

• చాలాకాలం వాడని బండి అయితే పాత పెట్రోలు తీయించేయండి. బ్రేకులు, చైను, బ్యాటరీ, క్లచ్ వైరు మెకానిక్‌కి చూపించండి.
• టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం తయారైందని. గాళ్లు అరగకపోయినా, పాతబడిన రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది.
• కొత్త బండి కొంటే గేర్లు ఎటు పడతాయో చూసుకోండి. కొన్నిటిలో అన్నీ ముందుకే, చాలావాటిలో ఒకటి కిందికి, మిగతావి పైకి. కాలు పాత బండినే గుర్తుపెట్టుకుంటుంది.
• లైసెన్సు తేదీ చూడండి. గడువు ముగిసి ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష ఇవ్వాలి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా చూసుకోండి.

రెండు వారాల బ్రిడ్జ్ కోర్సు

మొదటి మూడు రోజులు తెల్లవారుజామున ఖాళీ మైదానంలో ఆగడం, నెమ్మదిగా తిరగడం సాధన చేయండి. వారం ముగిసేదాకా తెలిసిన వీధుల్లోనే, ఒంటరిగా నడపండి. రెండో వారం, మీరు రోజూ వెళ్లబోయే స్కూలు దారిలో, అదే సమయానికి, ఒంటరిగానే వెళ్లిరండి. తర్వాత రెండు రోజులు పెద్దవాళ్లను వెనక కూర్చోబెట్టుకుని నడపండి. వెనక బరువుంటే బండి తీరే మారుతుంది. పిల్లల వంతు ఆ తర్వాతే. మళ్లీ స్కూటీ తీస్తున్న అమ్మలకూ ఇదే పద్ధతి. చున్నీ, చీర కొంగు చక్రంలో పడకుండా చుట్టుకోవడం మాత్రం అదనం.

పిల్లలు ఎక్కేటప్పుడు

నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్‌తో పాటు మిమ్మల్నీ బిడ్డనూ కలిపి ఉంచే సేఫ్టీ బెల్టు ఉండాలి, వేగం 40 దాటకూడదు. ఈ నియమం 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉంది. హెల్మెట్ పిల్లల సైజుదే కొనండి, ఐఎస్ఐ మార్కు చూడండి, పట్టీ బిగించండి. బండి మీద మీతోపాటు ఒక్కరే. ఇద్దరు పిల్లలుంటే రెండు ట్రిప్పులు వేయాల్సిందే. ట్యాంకు మీద బిడ్డ వద్దు, హ్యాండిల్‌కి అడ్డుపడే బ్యాగూ వద్దు.

నెల తర్వాత మా మేనకోడలు మళ్లీ నా బండెక్కింది, దాని సొంత హెల్మెట్‌తో. ఇప్పుడు రోజూ నా పట్టీ లాగి చూశాకే "ఇక పద మామయ్యా" అంటుంది. రేపు మీ ఇంట్లో ఆ పని మీ పిల్లలకే అప్పగించండి. వాళ్లు ఒక్కరోజు కూడా మర్చిపోరు, మనల్ని మర్చిపోనివ్వరు.