ముహూర్తాలు లేని వేసవి

2020వ సంవత్సరం మార్చి 25వ తేదీ ఉగాది. శార్వరి నామ సంవత్సరం ఆనాడే ప్రవేశించింది. శార్వరి అంటే రాత్రి. కరోనా మహమ్మారిని అరికట్టేందుకు విధించిన దేశవ్యాప్త లాక్‌డౌన్ సైతం ఆనాడే మొదలైంది.

ఉగాది నుండి శ్రీరామనవమి వరకు గల తొమ్మిది దినాలు మన ఊళ్ళలో పందిళ్ళ కాలం. హరికథలకు, కచేరీలకు ఇవి పంట రోజులు. ఆ ఏడు నవమి ఏప్రిల్ 2న వచ్చింది. భద్రాద్రిలో సీతారామ కల్యాణం సైతం భక్తులు లేకుండానే ఆలయం లోపల జరిగింది. ఇక వీధి పందిళ్ళ మాట చెప్పేదేముంది!

బొబ్బిలి ప్రాంతంలో నేనెరిగిన వైణికుడు ఒకరున్నారు. ఆయనకు కొలువు లేదు, నెల జీతం లేదు. పందిళ్ళలోను, పెండ్లి విందులలోను వీణ వాయిస్తారు. సాయంకాలం పిల్లలకు పాఠం చెబుతారు. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లి వీణల తయారీకి పేరుగన్నది. అక్కడి పనివారి వద్ద బాల్యంలోనే ఉలి పట్టడం నేర్చిన ఆయన, తీరిక వేళల్లో చిన్న వీణలు చెక్కుతారు. సన్మాన సభలలో జ్ఞాపికలుగా ఇచ్చేవి అవే. ఒక వృత్తి తప్పితే మరొకటి ఆదుకొంటుందన్నది ఆయన ధీమా. కాని సభ లేనప్పుడు కచేరీ లేదు. సన్మానమూ లేదు, జ్ఞాపికా లేదు. రెండు వృత్తులూ ఒకే కొమ్మకు కట్టిన ఉయ్యాలలని ఆయనకు ఆ వేసవిలో తెలిసివచ్చింది.

మొదటి పక్షం రోజులు ఆయన వీణ తీయలేదు. “ఎవరి కోసం వాయించాలి?” అన్నారు నాతో. ఉచిత బియ్యం కోసం వరుసలో నిలబడేందుకు మొదట మనసొప్పలేదు, తరువాత నిలబడ్డారు. అందులో చిన్నతనమేమీ లేదని నా అభిప్రాయం.

ఆయనను తిరిగి వీణ వద్దకు చేర్చింది ఒక శిష్యురాలు. చరవాణిలో పాఠం చెప్పమని కోరింది. తొలినాడే చిక్కు ఎదురైంది. ఇక్కడి శబ్దం అక్కడికి చేరేసరికి క్షణకాలం ఆలస్యమవుతుంది. మాటలకు ఆ ఆలస్యం లెక్కలోనిది కాదు గాని, ఇద్దరు కలిసి తాళం వేయడానికి అదే పెద్ద అడ్డంకి. అంతేగాక, మాట స్పష్టంగా వినిపించేందుకు చేసిన ఏర్పాటు వీణ తీగ చివరి నాదాన్ని చప్పుడుగా ఎంచి అణచివేసేది. గమకమంతా ఆ చివరి నాదంలోనే ఉన్నది కదా! అందుచేత పద్ధతి మార్చారు. శిష్యురాలు రాత్రి వాయించి, రికార్డు చేసి పంపేది. గురువుగారు వేకువన విని, తప్పిన చోటును తాము వాయించి తిరిగి పంపేవారు. ఒక పొరపాటును సరిదిద్దడానికి రెండు దినాలు పట్టేది. అయినప్పటికీ, ఎదుట కూర్చున్నప్పుడు తమ చెవిని దాటిపోయిన దోషాలు ఇప్పుడు పట్టుబడుతున్నాయని ఆయన ఒప్పుకొన్నారు. మరి నలుగురు పిల్లలు చేరారు. వేకువ జాము పాఠానికి స్థిరపడింది.

పగటిపూట ఏంచేయాలి? పెరటి కొట్టంలో ఏండ్ల తరబడి ఆరిన పనస దుంగ ఒకటి ఉండేది. కోసి చిన్న వీణలు చేస్తే అనేకం వస్తాయి. కాని కొనేవారు లేరు. కుండ, దండి ఒకే మ్రానులో తొలిచి పెద్ద వీణ చేద్దామంటే, అడిగినవారు లేరు. చెడితే దుంగ వ్యర్థం. ఇంట్లోవారు అమ్మివేయమన్నారు. అప్పటి అవసరం అటువంటిది. ఆయన రెండు రోజులు ఆలోచించి పెద్ద వీణకే ఉలి పెట్టారు. ఎండ ముదరకముందు తొలవడం, మధ్యాహ్నం నీడలో గరుకు కాగితంతో నునుపు చేయడం, సాయంకాలం సాధన. ఊళ్ళో దుకాణాలు మూసి ఉన్నందున తీగలు దొరకలేదు. పాత తీగలనే తుడిచి, జాగ్రత్తగా వాడుకొన్నారు.

మెట్లు అమర్చడం చివరి పని. తేనె మైనంలో బొగ్గుపొడి కలిపి, కాచి, దండిపై దిమ్మగా పోసి, అందులో 24 మెట్లను ఒక్కొక్కటిగా నిలపాలి. ప్రతి మెట్టునూ చెవితో సరిచూడాలి. వీధిలో బండ్ల రొద లేని ఆ రోజులలో ఈ పని సాగినంత హాయిగా ఎన్నడూ సాగలేదని ఆయన అంటారు. అలాగని ఆ నిశ్శబ్దాన్ని ఆయన పొగడరు. దాని వెల ఎంతో ఆయన ఇంటివారికి తెలుసు.

2021 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో పగటి కర్ఫ్యూ వచ్చినప్పుడు ఆయన తడబడలేదు. వేకువ పాఠం, ఉదయం ఉలి, సాయంత్రం సాధన యథాప్రకారం సాగాయి. సంపాదన మాత్రం సగానికి చేరలేదు.

2022 ఏప్రిల్ 10న శ్రీరామనవమి. వీధిలో మళ్ళీ పందిరి వేశారు. పనస వీణను ఆయన తొలిసారిగా అక్కడికి తెచ్చారు. ముప్పదిమంది వరకు కూర్చున్నారు. ఎండ వేడికి మైనం మెత్తబడి నడుమ ఒక మెట్టు జరిగింది. ఆయన వాయించడం ఆపి, బొటనవ్రేలితో దానిని నొక్కి, చెవి ఒగ్గి ఒకసారి మీటి చూచుకొన్నారు. సభ అంతసేపూ వేచి ఉన్నది.