అమ్మ సంతకం చాలదా?

రాత్రి పదకొండు దాటాక ఫోను. జగిత్యాల వైపు పల్లెటూరామె. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి, పిల్లల ఐసీయూ బయట కూర్చుని మాట్లాడుతోంది. నాలుగేళ్ల బాబు. డెంగీ ముదిరి షాక్‌లోకి వెళ్లాడు. పొద్దుటి నుంచి చుక్క మూత్రం లేదు. కిడ్నీల పని చేసే మిషన్ పెట్టాలన్నారట. "మా ఆయన దుబాయ్‌ల ఉన్నడు సార్. తండ్రి సంతకం లేకుంటే మొదలువెట్టమంటున్నరు. ఏం జెయ్యాలె?"

"మీరే పెట్టండమ్మా. ఆ కౌంటర్‌లో ఉన్నాయనకు ఒకసారి ఫోనివ్వండి" అన్నాను.

ఆయనకు చెప్పింది పెద్ద రహస్యమేం కాదు. మైనర్‌కు ఆపరేషన్ చేసేముందు రాతపూర్వక సమ్మతి తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి గానీ, సంరక్షకుల నుంచి గానీ తీసుకోవాలని డాక్టర్ల వృత్తి నియమావళి (2002) అంటుంది. తండ్రే కావాలని ఎక్కడా లేదు. హిందువుల మైనారిటీ, సంరక్షకత్వ చట్టం (1956) మాత్రం సహజ సంరక్షకుడు తండ్రి, 'ఆయన తర్వాత' తల్లి అని రాసింది. ఆ 'తర్వాత' అన్న మాటకు తండ్రి పోయాక అని అర్థం చెప్పుకుంటూ వచ్చారు. అలా కాదు, తండ్రి అందుబాటులో లేనప్పుడు కూడా తల్లే సంరక్షకురాలని గీతా హరిహరన్ కేసులో 1999లో సుప్రీంకోర్టు తేల్చింది. గల్ఫ్‌లో ఉన్న తండ్రి ఆ రాత్రికి అందుబాటులో లేనట్టే కదా. పాతికేళ్లు దాటినా ఈ తీర్పు మన ఆసుపత్రుల కౌంటర్ల దాకా చేరలేదు.

అసలు ఎవరూ దొరక్కపోతే? భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ చూడండి. ప్రమాదంలో పడ్డ పిల్లకు వెంటనే ఆపరేషన్ చేయకపోతే ప్రాణం పోయేలా ఉంది, సంరక్షకులను అడిగే వ్యవధి లేదు, డాక్టరు సదుద్దేశంతో చేసేశాడు. అది నేరం కాదని చట్టం ఉదాహరణగానే రాసిపెట్టింది. అత్యవసరంలో ముందు ప్రాణం, కాగితాలు తర్వాత అని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటు డాక్టర్లకూ అది వర్తిస్తుంది.

పావుగంటకు ఆమె మళ్లీ చేసింది. సంతకం పెట్టించుకున్నారట. ఫారంలో ఏముందమ్మా అని అడిగాను. "ఇంగ్లీషుల ఉంది సార్. పేరు రాసిచ్చిన."

నాకు మొదటి ఫోను కన్నా ఇదే ఎక్కువ కష్టమనిపించింది. సంతకం వేరు, సమ్మతి వేరు. చికిత్స ఏమిటి, ఎందుకు, వేరే దారులున్నాయా, ప్రమాదాలేమిటి, చేయకపోతే ఏమవుతుంది అన్నవి తెలిశాక ఇచ్చేదే సమ్మతి అని సమీరా కోహ్లీ కేసు (2008) చెబుతోంది. ఆ కేసులో పేషెంటు వయసొచ్చిన మనిషి, కనుక తల్లి చెప్పిన 'సరే' చెల్లలేదు. పిల్లల దగ్గర తల్లి మాటే చెల్లుతుంది. అంటే వివరం తెలుసుకునే హక్కూ ఆమెదే.

ఏం అడగాలి? మామూలు డయాలిసిస్ మూడు నాలుగు గంటల్లో ఒంట్లో నీరు లాగేస్తుంది. బీపీ పడిపోయి ఉన్న పిల్లలు దానికి తట్టుకోలేరు. అందుకే సీఆర్‌ఆర్‌టీ అనే మిషన్‌తో రాత్రీపగలూ నెమ్మదిగా చేస్తారు. పదమూడు కిలోల పిల్లాడి ఒంట్లో ఉండేది సుమారు లీటరు రక్తం. అందులో కొంత ఎప్పుడూ గొట్టాల్లో, ఫిల్టరులో తిరుగుతుంటుంది. కాబట్టి పిల్లల సైజు ఫిల్టరు ఉందా అనేది మొదటి ప్రశ్న. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందుతో రక్తస్రావం కావచ్చు, పెట్టిన లైనుకు ఇన్ఫెక్షన్ రావచ్చు. పొట్టలో చిన్న గొట్టం వేసి ద్రవం ఎక్కించి దించే పెరిటోనియల్ డయాలిసిస్ ఇంకో దారి. పెద్ద మిషన్ అక్కర్లేదు, చాలాచోట్ల ఖర్చూ తక్కువే. మా బాబుకు అది ఎందుకు కుదరదో చెప్పమనండి. తెలుగులోనే చెప్పమనండి. డాక్టరు దగ్గర మంచి కారణమే ఉండొచ్చు. ఆ కారణం మీకూ తెలియాలి.

డబ్బు సంగతీ అప్పుడే తేల్చుకోండి. ఎస్టిమేట్‌లో ఒక ఫిల్టరే రాసి ఉండొచ్చు. అది గడ్డకట్టిపోతే ఇంకోటి, దానికి ఇంకో బిల్లు. ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ) కిందికి వస్తుందా అని ఆరోగ్యమిత్రను గానీ, 104ను గానీ అడగండి. ఇన్సూరెన్స్ ఉంటే, క్యాష్‌లెస్ అనుమతిపై గంటలో తేల్చాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలను ఆదేశించింది. బిల్లు బాకీ ఉందని డిశ్చార్జి అయిన పిల్లను ఆపే హక్కు ఆసుపత్రికి లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం ఆ మాటే అంటుంది. బాకీ మాత్రం బాకీగానే ఉంటుంది, దాన్ని సివిల్ కోర్టులో వసూలు చేసుకోవాలి.

ఖర్చు భరించలేక 'లామా' (డాక్టర్ల సలహాకు విరుద్ధంగా వెళ్తున్నామనే) కాగితం మీద సంతకం పెట్టి తీసుకెళ్లేవాళ్లను చాలామందిని చూశాను. పెట్టేముందు ఒక్కటడగండి: ఈ సౌకర్యం ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి, ఆక్సిజన్ ఉన్న అంబులెన్స్‌లో, రిఫరల్ లెటర్‌తో పంపుతారా అని. అలా పంపితే అది రిఫరల్. లామా అయితే తప్పు మీదని మీరే రాసిచ్చినట్టు.

కేస్ షీటు కాపీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. గంటగంటకూ నింపే డయాలిసిస్ చార్టు కూడా అందులో భాగమే, దాన్ని పేరుపెట్టి అడగండి. నిర్లక్ష్యం జరిగిందనుకుంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి గడువు రెండేళ్లు. స్ప్రింగ్ మెడోస్ కేసులో (1998) పిల్లాడికి పన్నెండున్నర లక్షలు, మానసిక క్షోభకు తల్లిదండ్రులకు విడిగా ఐదు లక్షలు ఇచ్చారు. ఆసుపత్రి బిల్లు కట్టిన తల్లిదండ్రులూ వినియోగదారులేనని సుప్రీంకోర్టు అంది.

లాయరు ఫీజు గురించి భయం వద్దు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలన్నది 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఫోను 15100. అక్కడెవరైనా తెల్ల రేషన్ కార్డు అడిగితే, ఆ సెక్షన్ నంబరు చెప్పండి.