విండోస్ పక్కన లినక్స్‌కు చోటు

మిర్యాలగూడ

మేనకోడలికి,

కోదాడ కాలేజీలో లినక్స్ నేర్చుకుంటున్నావని విని సంతోషపడ్డాను. సూర్యాపేటలో మీ నాయన షాపు కంప్యూటర్‌లో విండోస్ తీసేసి అదే వేస్తానన్నావట. తీసేయొద్దు బిడ్డా, దాని పక్కన వెయ్యి. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నా.

మీ నాయన చేసిన పెళ్ళిపత్రికలు, కరపత్రాలు అన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో ఉన్నాయి. ఆ ఫాంట్లు యూనికోడ్‌వి కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చి చేసినవి. ఫాంటు లేని చోట తెరిస్తే పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబ్ దాన్ని ముందుకు తీసుకుపోలేదు, లినక్స్‌కు అసలే తేలేదు. ఇన్నేళ్ళ పని ఒక సిస్టమ్ మీద ఆధారపడి ఉన్నప్పుడు దాన్ని చెరిపేయడం తెగువ కాదు.

అట్లని విండోస్ ఒక్కదానితో నడుపుదామన్నా కుదరదు. షాపులో ఉన్న విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 టీపీఎం 2.0 అడుగుతుంది, ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. షాపు మెషిన్ అంతకన్నా పాతది. కాబట్టి ఇట్ల చెయ్యి: పేజ్‌మేకర్ పని నెట్ లేని విండోస్‌లో, మెయిళ్ళు, ఆన్‌లైన్ దరఖాస్తులు, గిరాకీలు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు లినక్స్‌లో. ర్యామ్ 4 జీబీయే ఉంది గనుక ఉబుంటు కన్నా లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ తేలిగ్గా నడుస్తుంది.

ముందు ఫైళ్ళన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించు. ఎక్కించి ఊరుకోకు, వేరే కంప్యూటర్‌కు తగిలించి నాలుగైదు తెరిచి చూడు. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే. అను, పేజ్‌మేకర్ ఇన్‌స్టాల్ చేసే ఫైళ్ళు కూడా అందులో ఉండాలి.

ఆ తర్వాతే డిస్క్ జోలికి పో. పొలంలో గెట్టు జరిపినట్టు, విండోస్ భాగాన్ని కుదించి ఖాళీ జాగా తీయాలి. ఈ కుదింపు విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చెయ్యి, దాని సరుకు ఎక్కడుందో దానికే బాగా తెలుసు. యాభై జీబీ చాలు. నడుమ కరెంటు పోతే ఫైళ్ళు దెబ్బతింటాయి, యూపీఎస్ ఎంతసేపు ఆగుతుందో ముందే చూసుకో. పాత డిస్క్ ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే ప్రైమరీ పార్టిషన్లు నాలుగే పడతాయి. నాలుగూ ఇప్పటికే నిండి ఉంటే ఆగి నాకు చెప్పు. జీపీటీ అయితే ఆ చిక్కు లేదు. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయాస్ మోడ్ అన్న చోట లెగసీ అని ఉందో యూఈఎఫ్ఐ అని ఉందో రాసిపెట్టుకో. పెన్‌డ్రైవ్‌ను (మింట్ ఎక్కించినదాన్ని) కూడా ఆ మోడ్‌లోనే బూట్ చేయాలి.

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది, పవర్ ఆప్షన్లలో దాని టిక్కు తీసేయి. అది ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, తన స్థితిని డిస్క్ మీద దాచుకుని నిద్రపోతుంది. ఆ సమయంలో లినక్స్ నుంచి విండోస్ భాగం మీద రాస్తే ఫైళ్ళు చెడతాయి. అందుకే లినక్స్ చాలాసార్లు చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. ఎప్పుడైనా నీ లాప్‌టాప్‌లో కూడా లినక్స్ వేస్తే మాత్రం, డిస్క్‌కు తాళంలా ఉండే బిట్‌లాకర్ రికవరీ కీ కాగితం మీద రాసుకున్నాకే మొదలుపెట్టు.

ఇన్‌స్టాల్ చేయడం పెద్ద పనేం కాదు. పెన్‌డ్రైవ్ నుంచే మింట్ నడిపి ప్రింటరు, స్కానరు పనిచేస్తున్నాయో లేదో చూడు, తర్వాత 'విండోస్ పక్కన' అన్న ఎంపిక తీసుకో. 'డిస్క్ చెరిపేయి' అన్నదీ అక్కడే కనిపిస్తుంది, తొందరపడి దాన్ని నొక్కకు. మెషిన్ తిరిగి మొదలైనప్పుడు ఏ సిస్టమ్ కావాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది. అందులో విండోస్ డిఫాల్ట్‌గా ఉండేట్టు పెట్టు, పొద్దున షాపు తెరిచేది మీ నాయన.

ఇంకోటి. లినక్స్ వాడి విండోస్‌కు వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ అంతర్జాతీయ సమయం ఉంచుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. నెట్ లేని విండోస్ తనంతట తాను సరిచేసుకోలేదు, బిల్లుల మీద తప్పు టైము పడుతుంది. స్థానిక సమయమే ఉంచుకొమ్మని లినక్స్‌కు ఒక కమాండ్ ఇస్తే సరిపోతుంది.

లినక్స్‌లో తెలుగు గురించి బెంగ వద్దు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతీ ఉంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు చేసిన పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే లినక్స్ తయారుచేసింది. కొత్త కరపత్రాలను ఒక్కొక్కటిగా యూనికోడ్‌లో కొట్టడం మొదలుపెట్టు. వాటిలోని తెలుగును ఏ సిస్టమ్‌లోనైనా చదవొచ్చు.

పెళ్ళిళ్ళ ముహూర్తాలున్న రోజుల్లో మాత్రం ఈ పని పెట్టుకోకు. ఖాళీ హార్డ్‌డిస్క్ ఒకటి నా దగ్గరుంది, ఇటు వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పు, పంపుతాను.

మీ మామ