ఇన్సులిన్ హలాలా, హరామా?

మధుమేహ రోగులున్న ముస్లిం ఇళ్ళలో తరచూ ఒక ప్రశ్న వినిపిస్తుంది: "ఇన్సులిన్ పంది నుంచి తీస్తారట కదా, వేసుకోవచ్చా?" హలాల్, హరామ్‌ల పట్ల ఈ జాగ్రత్త ఈమాన్‌కు నిదర్శనమే. అయితే ఒక వస్తువు స్వరూపం తెలియకుండా దానిపై తీర్పు చెప్పరాదన్నది ఫుఖహాల నియమం. కనుక ముందు విషయం తెలుసుకుందాం.

పాత పద్ధతి

1921లో కెనడాలోని టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనే పరిశోధకులు జంతువుల క్లోమగ్రంథి నుంచి ఇన్సులిన్ తీశారు. 1922లో 14 ఏళ్ళ బాలుడికి దాన్ని మొదటిసారి ఎక్కించారు. తర్వాత దాదాపు అరవై ఏళ్ళపాటు కబేళాల్లో సేకరించిన పశువుల, పందుల క్లోమాలే దీనికి ముడిసరుకు. కాబట్టి పెద్దల అనుమానం ఉత్త పుకారు కాదు. అది ఒకప్పటి వాస్తవం.

కొత్త పద్ధతి

1978లో అమెరికా శాస్త్రవేత్తలు మానవ ఇన్సులిన్ జన్యువును ప్రయోగశాలలో రసాయనాలతో కూర్చి, ఇ.కోలి అనే బ్యాక్టీరియాలో చేర్చారు. ఆ సూక్ష్మజీవి తాను పెరుగుతూ ఇన్సులిన్‌ను తయారు చేసింది. 1982లో ఈ మందుకు అమెరికాలో అనుమతి లభించింది. ఈస్టుతోనూ దీన్ని తయారు చేస్తున్నారు. 'మానవ ఇన్సులిన్' అన్న పేరు చూసి కంగారుపడనక్కర లేదు. అది మనిషి శరీరం నుంచి తీసింది కాదు. మన శరీరంలో తయారయ్యే ఇన్సులిన్‌తో సరిపోలుతుంది కనుక ఆ పేరు వచ్చింది.

షరీఅత్ దృష్టిలో

మొదటిది: నిషేధానికి ఆధారం లేనంతవరకు వస్తువులు మూలంలో ధర్మసమ్మతమే. ఈ ఇన్సులిన్‌ను పంది అవయవాల నుంచి తీయరు.

రెండవది: "బ్యాక్టీరియాకు వేసే మేత సంగతేమిటి?" అని కొందరు అడుగుతారు. పొలానికి వేసిన ఎరువు అపరిశుభ్రమైనదే కావచ్చు. అయినా ఆ పొలంలో పండిన పంటను హనఫీ ధర్మవేత్తలు హరామ్ అనలేదు. పైగా కేవలం సందేహంతో ఏదీ హరామ్ అయిపోదు.

మూడవది: పంది ఇన్సులిన్ తప్ప మరేదీ దొరకని పరిస్థితి వస్తే? గత్యంతరం లేనివానిపై, అతడు హద్దు మీరనంతవరకు, పాపం లేదని దివ్యఖుర్ఆన్ (అల్ బఖర: 173) బోధిస్తోంది. ప్రాణరక్షణ షరీఅత్ లక్ష్యాల్లో ఒకటి.

అయితే ఇన్సులిన్‌కు చెప్పిన తీర్పును కళ్ళు మూసుకుని అన్ని మందులకూ వర్తింపజేయరాదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌ను నేటికీ ఎక్కువగా పంది పేగుల నుంచే తీస్తున్నారు. అలాంటి చోట ప్రత్యామ్నాయం ఉందేమో వైద్యుణ్ణి అడగాలి. లేకపోతే, ప్రాణం ప్రమాదంలో ఉంటే, ఆలస్యం చేయకూడదు.

మనం చేయవలసినది

ఇన్సులిన్ పెట్టెపై 'ఆర్‌డీఎన్‌ఏ' అన్న మాట ఉంటే అది సూక్ష్మజీవుల ద్వారా తయారైనదని గుర్తు. అర్థం కాకపోతే మందుల దుకాణంలో అడగండి. ధర్మపరమైన సందేహం మిగిలితే ముఫ్తీని సంప్రదించండి. ఈలోగా ఎవరో చెప్పిన మాట విని సూది మాత్రం మానకండి. ఇన్సులిన్ తప్పనిసరి అయిన రోగి దాన్ని ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. అల్లాహ్ ఏ వ్యాధినీ చికిత్స లేకుండా దించలేదని దైవప్రవక్త ముహమ్మద్ (స) తెలిపారు. ఆ చికిత్సను కాదనడం దైవభీతి అనిపించుకోదు.

అల్లాహ్ మనకు సరైన జ్ఞానాన్ని, మన రోగులకు స్వస్థతను ప్రసాదించుగాక! ఆమీన్.