తీసేసిన చెత్తని కూడా విను

చి. చిన్నాకి,


నువ్వు పంపిన పాట విన్నాను. ముందు ఫోన్లో, తరవాత పక్కింటి అబ్బాయి హెడ్‌ఫోన్లు అడిగి తెచ్చుకుని. గరగర పోయింది, ఒప్పుకుంటాను. కానీ పాడినాయన ఊపిరి తీసుకున్న చోటల్లా ఖాళీ. ఆ ఖాళీలో తంబుర ఉండాలి కదరా, ఏం చేశావు దాన్ని?

ఈలోగా మీ అమ్మ ఫోన్ చేసి, పని అయిపోగానే, తాతయ్య గ్రామఫోన్ ప్లేట్ల నుంచి మీ నాన్న ఎక్కించిన సీడీలన్నీ పారేస్తానంటున్నావని చెప్పింది. నిజమో, తన అలవాటు కొద్దీ కాస్త పెంచి చెప్పిందో తెలీదు. నిజమే అయితే ఈ ఉత్తరం చివరిదాకా చదివేదాకా ఆ పెట్టె జోలికి వెళ్ళకు. తాతయ్య ప్లేట్ల సంగతి, ఇల్లు మారిన రోజు సంగతి మళ్ళీ ఎత్తను. మిగిలినవి ఆ సీడీలే అని మాత్రం గుర్తుపెట్టుకో.

"సీడీలోంచి కాపీ చేశాను" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఎలా చేశావు? ఆడియో సీడీని కంప్యూటర్లో పెడితే కనపడే సీడీఏ ఫైళ్ళలో పాట ఉండదు. పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే చీటీలవి, ఒక్కోటి 44 బైట్లు. మీ నాన్న ఓసారి వాటినే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చి, "మొత్తం సంగీతం జేబులో పెట్టుకొచ్చానక్కా" అన్నాడు. నవ్వలేక చచ్చాం. పాటని బయటికి లాగే ప్రోగ్రాములు వేరే ఉన్నాయి. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటిది అనుమానం వచ్చిన చోట మళ్ళీ మళ్ళీ చదివి, అన్నిసార్లూ ఒకటే వస్తోందా అని చూసుకుంటుంది. మామూలువి అలా కాదు. గీత బాగా లోతుగా పడ్డ చోట డ్రైవు తనకు తోచింది నింపేసి ఊరుకుంటుంది, నీకు చెప్పదు కూడా.

లాగాక ఎంపీ3 చేయకు. వేవ్ గానో ఫ్లాక్ గానో ఉంచు. సెకనుకు 44,100 శాంపిళ్ళు, 16 బిట్లు, రెండు చానళ్ళు. నిమిషానికి దాదాపు 10 ఎంబీ, గంటకి 600. మీ అక్క పెళ్ళి వీడియోకి ఎంత చోటు ఇచ్చావో నాకు తెలుసులే.

ఇక తంబుర. గరగర తీసే పద్ధతి నాకు తెలియనిదేం కాదు. ఒట్టి గరగర ఉన్న ముక్కొకటి చూపించి, ఇలాంటిది ఎక్కడున్నా తగ్గించమంటాం. నువ్వు ఏ ముక్క చూపించావో వినగానే అర్థమైంది: ఆయన గొంతు ఎత్తబోయే ముందు కొన్ని సెకన్లు. అక్కడ గొంతు లేదు, నిజమే. తంబుర ఉందిరా! ఒకే తీరున ఆగకుండా మోగేదాన్ని చూపిస్తే యంత్రానికి అదీ గోలే. తంబుర చేసే పనే ఆగకుండా మోగడం. ఇంటికి సున్నం వేయమంటే గోడ కూల్చినట్టుంది.

నేను రేడియోలో చేరిన కొత్తలో, స్టూడియోకి ఓ కుర్ర టెక్నీషియన్ వచ్చాడు. రికార్డింగు మొదలెట్టగానే అద్దం అవతల నుంచి చెయ్యి ఊపి ఆపించేశాడు. లైన్లో కరెంటు హమ్ వస్తోందట. కేబుళ్ళన్నీ తడిమాడు, మైకు మార్చాడు, ప్లగ్గులు పీకి పెట్టాడు. విద్వాంసుడు తాంబూలం నములుతూ చాలాసేపు చూసి, "ఆవిణ్ణి చెయ్యి తియ్యమనండి, పోతుంది" అన్నాడు. నా తంబుర మంద్రం తీగ అది! ఆ కుర్రాడు తరవాత ఎంత మంచి చెవి సంపాదించాడో! మీ తాతయ్య పోయినప్పుడు వచ్చాడు కూడా, నువ్వు చూసే ఉంటావు. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం, నాలుగే తీగలు. తీగ కింద నూలుపోగు వెంట్రుకవాసి జరిగితే నాదం మారిపోతుంది. కచేరీ చివర ఫిడేలు, మృదంగం పేర్లు చెప్పాక టైముంటే నా పేరు చెప్పేవాళ్ళు. టైము ఉండేది కాదు. నాకేం బాధ లేదని మీ మామయ్యతో చాలాసార్లు చెప్పాను.

కాబట్టి ఇలా చెయ్యి. ముల్లు గాడిలో పడ్డాక తంబుర వినపడేలోపు ఒట్టి ప్లేటు చప్పుడు క్షణం పాటు ఉంటుంది. అర సెకను దొరికినా చాలు, అది చూపించు. అక్కడ మీ నాన్న కోసేసి ఉంటే, పాట అయ్యాక ముల్లు లోపలి గాడిలో తిరిగే చప్పుడు తీసుకో. 6 డెసిబెళ్ళతో మొదలుపెట్టు. మరీ గుంజితే గొంతు చుట్టూ బుడబుడమని కొత్త చప్పుడొకటి పుడుతుంది. ఆడాసిటీ ప్రోగ్రాములో గరగర తీసేచోట రెసిడ్యూ అని ఉంటుంది చూడు. అది ఎంచుకుంటే పాటకి బదులు తీసేసిన చెత్త వినిపిస్తుంది. కళ్ళు మూసుకుని ఆ చెత్త విను. ఒట్టి గరగర అయితే సరే. అందులో పంచమం వినపడిందా, వెంటనే వెనక్కి వెళ్ళు.

టిక్కులు మాత్రం దీనికి ముందే తీసెయ్యాలి. అన్నిటికీ కలిపి ఒకే మీట నొక్కకు, మృదంగం దెబ్బనీ వీణ మీటునీ అది టిక్కనే అనుకోగలదు. పెద్దవి చేత్తో తియ్యి. 128 శాంపిళ్ళు, అంటే 3 మిల్లీసెకన్లలోపు ముక్కని ఆడాసిటీలో రిపేర్ చక్కగా అతుకుతుంది. నెమ్మది పనే. అందుకని రాత్రి రెండింటిదాకా కూర్చోకు నాన్నా. అలసిన చెవికి అంతా గరగరగానే ఉంటుంది. అన్నం వేళకి తింటున్నావా?

ద్వారం వారి ఫిడేలు ప్లేటులో దడేలుమని ముల్లు ఎగిరిందని రాశావు. ఎగిరించింది నువ్వే. మీ నాన్న ఆ ప్లేటు రికార్డు చేస్తుంటే బల్ల కింద దూరి బొమ్మకారు తోలుతున్నావు, తల బల్లకి తగిలింది. మళ్ళీ తీస్తానని మీ నాన్న లేచాడు గానీ, నీ ఏడుపు మానిపించేసరికి పొద్దుపోయింది. బజార్లో అదే పాట సీడీ దొరికితే ఆ ముక్క తెచ్చి అతకాలనుకుంటున్నావు. అతుకు, కాదనను. కానీ ఊరికే అతకదు. 78 అని ముద్ర ఉన్న ప్లేట్లన్నీ సరిగ్గా 78 వేగంలో తీసినవి కావు, తిప్పిన యంత్రాన్ని బట్టీ శ్రుతి మారుతుంది. వేగం సరిచేసి, రెంటి శ్రుతీ ఒకటయ్యాకే ఫిడేలు సంగతి చూడు. అతికినది వేరే పేరుతో దాచు. దడేలున్నది నాకు కావాలి.

సీడీలు పారేసే మాట ఇంకెత్తకు. ఇంట్లో రాసుకున్న సీడీకి లోపల రంగుపూతే ప్రాణం, ఎండ తగిలితే పోతుంది. సంక్రాంతికి పెట్టె నా దగ్గరికి తీసుకురా, కారు అద్దం పక్కన పెట్టకు. బీరువాలో పైఅర ఖాళీ చేశాను. ఈసారి అరిసెల పాకం నేనే పడుతున్నాను. ఏ రోజు వస్తావో మీ అమ్మకి కాదు, నాకు చెప్పు.

మీ అత్తయ్య