రాతి గోడల నడుమ వెండితెర

ఏడ్రియాటిక్ సముద్రతీరంలో, క్రొయేషియా దేశపు ఇస్ట్రియా ద్వీపకల్పం దక్షిణాగ్రాన పూలా అనే నగరం ఉన్నది. జనాభా సుమారు 52 వేలు. వేసవి వస్తే ఐరోపా నలుమూలల నుంచి యాత్రికులు సముద్రస్నానాలకై ఆ తీరానికి చేరుకొంటారు. పగలంతా ఇసుకలోను, రాళ్లమీదను సేదదీరిన జనం జూలై మాసంలో కొన్ని రాత్రులు మాత్రం సముద్రానికి వీపు తిప్పి, ఊరి నడుమనున్న ఒక ప్రాచీన కట్టడం వైపు నడుస్తారు. ఆ దేశంలో వేసవి పొద్దు ఆలస్యంగా గుంకుతుంది. తొమ్మిది గంటలు దాటి చీకటి చిక్కబడిన తరువాత, ఆకాశమే పైకప్పుగా ఉన్న ఆ ప్రాంగణంలో తెర వెలుగుతుంది. అదే పూలా చలనచిత్రోత్సవం.

ఆ కట్టడాన్ని స్థానికులు అరీనా అంటారు. క్రీస్తుశకం ఒకటవ శతాబ్దంలో రోమనులు సున్నపురాతితో నిర్మించిన అండాకార క్రీడారంగం అది. పొడవు సుమారు 132 మీటర్లు, వెడల్పు 105 మీటర్లు. నేటికీ నిలిచి ఉన్న రోమన్ రంగస్థలాలలో పెద్దవైన ఆరింటిలో ఇదొకటి. అక్కడ ఖడ్గధారులైన యోధులు పోరాడుతుండగా వేలాది ప్రజలు మెట్లమీద కూర్చుండి చూసి ఆనందించారు. మనిషి నెత్తురు చిందటం వినోదమైన చోటనే, రెండు వేల సంవత్సరాల తరువాత, కల్పిత పాత్రల కష్టానికి ప్రేక్షకులు కన్నీరు పెట్టుకొంటున్నారు. రసానుభూతిని గురించి చదువుకొన్నవారికి ఈ మార్పు ఆసక్తికరంగా తోచకమానదు.

రోమన్ సామ్రాజ్యం అంతరించిన పిదప ఆ రాళ్లకు రక్షణ కరవైంది. ఊరివారు ఇళ్లు కట్టుకోవటానికి వాటిని తరలించుకొనిపోయారు. 1583లో అంతకుమించిన ఆపద వచ్చింది. అప్పటికి పూలాను ఏలుతున్న వెనిస్ గణరాజ్యపు ప్రభుత్వసభలో, కట్టడాన్ని రాయి రాయిగా విప్పి వెనిస్ నగరానికి తెచ్చి తిరిగి నిలబెట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. గాబ్రియేలె ఎమో అనే సభ్యుడు దానిని వ్యతిరేకించాడు. ప్రతిపాదన వీగిపోయింది. ఆయన పేరు చెక్కిన శిలాఫలకం నేటికీ అరీనా రెండవ గోపురం మీద కనిపిస్తుంది. ఇక్కడ మన నాగార్జునకొండ గుర్తుకురావటం సహజం. ఇక్ష్వాకుల కాలపు మెట్ల రంగస్థలాన్ని జలాశయంలో మునిగిపోకుండా అనుపు వద్దకు తరలించి పునర్నిర్మించారు. మనం తరలించింది కాపాడుకోవటానికి. వెనిస్ తరలించదలచింది అలంకరించుకోవటానికి. రెండింటికీ ఎంతో భేదమున్నది.

1953 వేసవిలో అరీనాలో విదేశీ చిత్రాలను ప్రదర్శించారు. మరుసటి సంవత్సరం, అనగా 1954లో, స్వదేశీ చిత్రాల ఉత్సవం మొదలైంది. స్వదేశమంటే ఆనాడు క్రొయేషియా ఒక్కటే కాదు, యుగోస్లావియా. స్లొవేనియా, క్రొయేషియా, బోస్నియా-హెర్జెగోవినా, సెర్బియా, మాంటెనెగ్రో, మాసిడోనియా అనే ఆరు గణరాజ్యాల సమాఖ్య అది. పలు భాషలు, పలు మతాలు, రెండు లిపులు. జాగ్రెబ్‌లోను, బెల్‌గ్రేడ్‌లోను, సరయేవోలోను వేరువేరుగా చిత్రాలు తీసేవారు. ఏడాదికొకమారు అవన్నీ ఒకే తెరమీదికి వచ్చేవి. ఉత్తమ చిత్రానికి బంగారు అరీనా బహుమానం. దేశాధ్యక్షుడు టిటోకు సినిమాలంటే ఎనలేని మక్కువ. ఆయన వేసవి విడిది పూలాకు చేరువలోనే, బ్రియూని ద్వీపాలలో ఉండేది. 1973లో వచ్చిన 'సుత్యెస్కా' అనే యుద్ధచిత్రంలో టిటో పాత్రను ప్రసిద్ధ నటుడు రిచర్డ్ బర్టన్ ధరించాడు. ప్రభుత్వం మెచ్చిన యుద్ధగాథలకు ఆ తెరమీద పెద్దపీట దక్కిన మాట నిజమే. అయితే ఆ ఉత్సవం గొప్పదనాన్ని వాటితో కొలవటం న్యాయం కాదు.

అలెగ్జాండర్ పెత్రోవిచ్ దర్శకత్వం వహించిన ఒక చిత్రం 1967లో బంగారు అరీనాను గెలుచుకొన్నది. 'ఈకలు ఏరేవారు' అని దాని పేరుకు అర్థం. ఊరూరా తిరిగి బాతుల ఈకలు కొని అమ్ముకొనే రోమా సంచారజాతివారి కథ అది. అందులో సంభాషణలు చాలావరకు రోమానీ భాషలోనే సాగుతాయి. రోమా ప్రజలే పలువురు నటించారు. తమకంటూ ఒక రాజ్యంలేని ఆ ప్రజల మాట అరీనా రాతిగోడల నడుమ వినిపించింది. అదే సంవత్సరం కాన్ చిత్రోత్సవంలోనూ న్యాయనిర్ణేతల ప్రత్యేక బహుమానం ఆ చిత్రానికి లభించింది. చిన్న భాషకు పెద్ద తెర దొరికితే ఏమి జరుగుతుందో చెప్పటానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తోచదు.

1991 జూన్ 25న స్లొవేనియా, క్రొయేషియాలు స్వాతంత్ర్యాన్ని ప్రకటించుకొన్నాయి. తుపాకులు మోగాయి. నిన్నటి దాకా ఒకే చిత్రానికి పనిచేసిన నటులు, సాంకేతికులు వేరువేరు దేశాల పౌరులైపోయారు. ఆ వేసవిలో ఉత్సవానికి సన్నాహాలు పూర్తయినా, హింసకు నిరసనగా నిర్వాహకులు దానిని చివరి గడియలో రద్దు చేశారు. యుద్ధాన్ని ఆపగల శక్తి ఒక చిత్రోత్సవానికి లేదు. పక్కన నెత్తురు పారుతుండగా బహుమతులు పంచుకోలేమని చెప్పగల శక్తి మాత్రం ఉన్నది. ఆ మాట చెప్పటానికి వారు తెరను చీకటిగా ఉంచారు.

1992లో ఉత్సవం తిరిగి ఆరంభమైంది, ఇప్పుడు క్రొయేషియా చిత్రాల ఉత్సవంగా. ఆరు గణరాజ్యాల పంట వచ్చిన కళ్లంలో ఒక్క దేశపు గింజలే మిగిలాయి. యుద్ధంతో చిత్రనిర్మాణం కుంటుపడింది. 1994లో పోటీకి తగినన్ని చిత్రాలు లేక బహుమతుల ప్రదానమే జరగలేదు. ఇక ఈ ఉత్సవమెందుకని ఎవరైనా అడిగి ఉంటే ఆశ్చర్యపడనక్కరలేదు. నలభై లక్షలకు లోపు జనాభా ఉన్న దేశంలో ఏటా వచ్చే చిత్రాలు కొద్ది. మన తెలుగు సినిమాకు కోట్ల ప్రేక్షకులున్నారు. మంచిదో చెడ్డదో బజారే దానిని నడుపుతుంది. క్రొయేషియా భాషా చిత్రానికి ఆ బలం లేదు. అలాంటి చిత్రాన్ని సుమారు 5 వేలమంది ఒకేచోట కూర్చుండి చూసే రాత్రి, దాని దర్శకునికి ఎంత విలువైనదో మనం ఊహించుకోవలసిందే.

2001 నుంచి విదేశీ చిత్రాలకు కూడ ఉత్సవంలో చోటు కల్పించారు. చిన్న దేశాలు ఒంటరిగా చిత్రాలు తీయలేవు గనుక, ఖర్చును ఇరుగుపొరుగు నిర్మాతలు పంచుకోవటం అలవాటైంది. క్రొయేషియా భాగస్వామ్యం స్వల్పంగా ఉన్న ఉమ్మడి చిత్రాలకు పూలాలో ప్రత్యేక విభాగమే ఏర్పడింది. సెర్బియా, స్లొవేనియా, బోస్నియా దర్శకుల చిత్రాలు ఆ దారిన మళ్లీ అరీనాకు వస్తున్నాయి. చిత్రం ముగిసి, పనిచేసినవారి పేర్లు తెరమీద సాగుతున్నప్పుడు, ఒకనాటి ఒకే దేశపు ఊళ్లనుంచి వచ్చిన పేర్లు ఒకదాని కింద ఒకటిగా కనిపిస్తాయి.